తాళం పడ్డ బడిలో ఏం పెట్టాలి?

ఉదయగిరి ఆయన: నా మాట ముందే చెప్పేస్తానమ్మా. మన నెల్లూరు మెట్టలో పిల్లలు లేక తాళం పడ్డ పాత బడి ఒకటి తీసుకుని, అందులో ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల చరిత్రకు ఒక మ్యూజియం పెట్టాలి. మా కొండ 3,079 అడుగుల ఎత్తు. కొండమీద ఎనిమిది, కింద ఐదు, మొత్తం పదమూడు కోటలని పాత గెజిటీర్లు రాశాయి. ఇక్కడ గజపతులు ఏలారు. కృష్ణదేవరాయలు 1513లో ముట్టడించి ఏడాదికి పైగా కాచుకుంటే గాని 1514లో ఈ దుర్గం చిక్కలేదు. ఆ తర్వాత గోల్కొండ వాళ్లు వచ్చారు, ఆపైన ఆర్కాటు నవాబు దీన్ని జాగీరుగా ఇచ్చాడు. కుట్ర చేశాడన్న నేరం మీద 1839లో కంపెనీ ఆ జాగీరు లాక్కుని జాగీర్దారును చెంగల్పట్టుకు పంపేసింది. రాయలు ఇక్కడినుంచి తీసుకుపోయిన బాలకృష్ణుడి విగ్రహానికి 1515లో హంపిలో గుడి కట్టి నిలిపారు. ఇప్పుడది చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉంది. ఇంత జరిగిన ఊరి బిడ్డ తన ఊరి కథ కోసం నెల్లూరికి, చెన్నైకి, హంపికి పోవలసిందేనా?

ఆత్మకూరు ఆవిడ: కథ ఊళ్లోనే తెలియాలన్న మాట దగ్గర నాకు తగాదా లేదన్నా. తగాదా బడి దగ్గరే. 2022లో 117 జీవో వచ్చినప్పుడు 3, 4, 5 తరగతుల్ని ప్రాథమిక బడుల నుంచి తీసి దగ్గరి హైస్కూళ్లకు కలిపారు. ఎన్నో బడులు సగం ఖాళీ అయ్యాయి. 2025లో ఆ జీవోనే రద్దు చేశారు. అంటే ఇవాళ మూతపడ్డ బడి ఎల్లకాలం మూతపడే ఉంటుందని ఎవరూ చెప్పలేరు. అలాంటి చోట అద్దాల బీరువాలు పెట్టి, శంకుస్థాపన రాయి పాతి, మ్యూజియమని పేరు రాశాక అది మళ్లీ బడి అవుతుందా? గాంధీ చదివిన రాజ్‌కోట ఆల్ఫ్రెడ్ హైస్కూలు చూడండి. 1853 నుంచి నడిచిన బడి. 2017లో మూసి, పిల్లల్ని వేరే బడులకు పంపించి, 2018లో గాంధీ మ్యూజియం చేశారు. చదువుకున్నవాణ్ని గౌరవించడానికి చదువునే బయటికి పంపారు. నాకది మింగుడుపడదు.

ఉదయగిరి ఆయన: రాజ్‌కోట విషయంలో మీతో నేనూ ఏకీభవిస్తాను. పిల్లలున్న బడి జోలికి పోకూడదు, అది ఎంత గొప్పవాడు చదివిన బడైనా సరే. నేను అడుగుతున్నది పిల్లలు రావడం పూర్తిగా ఆగిపోయిన బడి. తాళం వేసిన కట్టడం మనకోసం అలాగే కాచుకుని ఉండదమ్మా. మొదటి వానకు పెంకులు జారతాయి, రెండో ఏటికి దూలాలకు చెదలు పడతాయి, ఆ తర్వాత తలుపులు పోతాయి, వరండాలో గొడ్లు పడుకుంటాయి. రేపు పిల్లలు తిరిగొచ్చినా వాళ్లకు దొరికేది మొండిగోడలే. రోజూ ఊడ్చి, దీపం పెట్టి, తలుపు తెరిచే మనిషి ఉంటే ఆ కట్టడం బతుకుతుంది. బడిగా కాకపోతే మరొకటిగానైనా బతకనివ్వండి.

ఆత్మకూరు ఆవిడ: సరే, ఖాళీ బడే అనుకుందాం. లోపల ఏం పెడతారు? ఊరూరా తిరిగి విగ్రహాలు, వీరగల్లులు, శాసనాల రాళ్లు పోగుచేస్తారా? మన ఊళ్లలో పొలం గట్టుమీదున్న వీరగల్లుకు ఇప్పటికీ పసుపు రాసి బొట్టు పెడతారు. ఏ యుద్ధంలో, ఏ గొడ్ల దొంగల్ని అడ్డుకుని చచ్చిన మనిషో వాళ్లకు తెలియకపోవచ్చు. కానీ ఆ రాయి వాళ్లకు దేవుడు. దాన్ని తెచ్చి గోడకు ఆనించి కింద చీటీ అంటిస్తే, చీటీలోని వివరం ఉంటుంది, దేవుడుండడు. చట్టం సంగతి కూడా చూడండి. నూరేళ్లు దాటిన శిల్పం 1972 పురావస్తువుల చట్టం కిందికొస్తుంది. రాతప్రతికైతే డెబ్బై ఐదేళ్లు చాలు. భూమిలో దొరికిన నిధి సంగతి కలెక్టరుకు చెప్పాలని 1878 నుంచీ చట్టముంది. మంచి మనసుతో పోగుచేసినా నేరమే కావచ్చు. ఇంకో మాట. మీరు బాలకృష్ణుడి పేరెత్తారు. రాయలు చేసింది కూడా అదే కదా? ఉన్నచోటి నుంచి తీసి, ఇంకా పెద్ద చోట నిలబెట్టాడు. ఆయన గెలుపు గుర్తుగా తీసుకుపోయాడు, మీరు ప్రేమతో తీసుకుపోతానంటున్నారు. మొదటి చోటు ఖాళీ కావడం మాత్రం రెండింటిలోనూ ఒకటే.

ఉదయగిరి ఆయన: ఆ మాట గట్టిగానే తగిలింది. ఒప్పుకుంటున్నాను, పూజ జరిగే రాయిని కదిలించకూడదు. ఊరు ఒద్దంటే పూజలేని రాయినీ కదిలించకూడదు. కానీ ఉన్నచోటే ఉంచితే భద్రమన్న నమ్మకం నాకు లేదు. గుప్తనిధుల పిచ్చితో పాత గుళ్లలో, కోటల్లో గుంతలు తవ్వేవాళ్లు మన రాష్ట్రంలో ఏ మూలకైనా ఉన్నారు. భక్తితోనే శాసనం మీద సున్నం కొట్టేవాళ్లున్నారు, గుడి బాగుచేస్తూ అక్షరాల మీద సిమెంటు పూసేవాళ్లున్నారు. 1905లో బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి అనే ఇద్దరు నెల్లూరు జిల్లా శాసనాల్ని ఊరూరా సేకరించి మూడు సంపుటాలుగా అచ్చువేశారు. ఉదయగిరివి, ఆత్మకూరువి అందులో ఉన్నాయి. ఏ ఊళ్లో ఏ గుడి దగ్గర, ఏ పొలంలో ఏ రాయి ఉందో, దానిమీద ఏముందో రాసి పెట్టారు. మన పల్లెల్లో ఎందరు ఆ పుస్తకం చూశారు? నా మ్యూజియంలో రాళ్లు ఉండనక్కర్లేదు. ఆ రాళ్లమీద కాగితం పరిచి సిరా అద్ది తీసిన నకళ్లు, ఫొటోలు, ఇవాళ్టి తెలుగులో వాటి అర్థం, ఆ రాయి ఉన్న ఊరికి దారి చెప్పే పటం ఉంటే చాలు. కొండమీది మసీదులో గోల్కొండ అబ్దుల్లా కుతుబ్‌షా కాలపు పారశీక శాసనాలున్నాయి. వాటిని చదవగలిగినవాళ్లు మన మధ్య ఎందరు? వాటికీ తెలుగులో అర్థం రాసి పెట్టాలి. చూసినవాడు అక్కడినుంచి లేచి కొండెక్కాలి, గుడికి పోవాలి, పొలం గట్టుకు పోవాలి.

ఆత్మకూరు ఆవిడ: అప్పుడు కట్టడం ఎందుకన్నా? ప్రతి రాయి పక్కనా ఒక బోర్డు పెట్టండి. అర్థం అక్కడే రాయండి. చదివేవాడు రాయినీ అర్థాన్నీ ఒకేచోట చూస్తాడు. ఇక మీ ఊరి చెక్కపని సంగతి. దిలావర్‌భాయి వీధిలో ఆడవాళ్లు నర్ది, బిక్కి లాంటి అడవి కర్రతో గరిటెలు, చెంచాలు చెక్కుతారు. దానికి జీఐ గుర్తింపు కూడా వచ్చింది. రేపు మీ మ్యూజియంలో ఆ గరిటెలు అద్దం వెనక పెడతారు. చెక్కే చేతికి కావలసింది అద్దం కాదు. అడవి నుంచి కర్ర, పనిముట్లు, గిట్టుబాటు ధర, కొనేవాడు కావాలి. బతికున్న పనిని చరిత్ర గదిలో పెట్టడమంటే, దాని రోజులు అయిపోయాయని మనమే ఒప్పుకున్నట్టు. మన మెట్టలో నీళ్లలో ఫ్లోరైడు ఉంది. వానలు లేక వలసపోయే ఇళ్లున్నాయి. ఒక కాపలా మనిషి జీతం, కరెంటు బిల్లు, పైకప్పు మరమ్మతు ప్రతి ఏడూ ఎవరిస్తారు? ప్రారంభోత్సవానికి వచ్చినంతమంది పదో ఏట రారు.

ఉదయగిరి ఆయన: గరిటెల విషయంలో మీ మాటే నా మాట. వాటిని అద్దంలో కాదు, వాకిట్లో అమ్మకానికి పెట్టాలి. చెక్కే ఆమె అక్కడే కూర్చుని చెక్కాలి, వచ్చిన డబ్బు ఆమెకే పోవాలి. ఖర్చు విషయంలో మీకు రెండు ఊళ్లు చూపిస్తాను. వేటపాలెం నేతగాళ్ల ఊరు, పెద్ద పట్నం కాదు. 1918లో అక్కడ మొదలైన సారస్వత నికేతనం పాత పత్రికల్ని, పుస్తకాల్ని నూరేళ్లకు పైగా కాపాడుతూ వచ్చింది. పరిశోధన చేసేవాళ్లు ఎక్కడెక్కడినుంచో అక్కడికి పోతారు. రాజమండ్రిలో 1922లో ఆంధ్రేతిహాస పరిశోధక మండలి పుట్టింది. రాళ్లు, నాణేలు, రాతప్రతులు పోగుచేసింది. రాళ్లబండి సుబ్బారావు గారి పేరు మీద ఇవాళ అక్కడున్న మ్యూజియానికి పునాది ఆ సేకరణే. అమెరికా పల్లెల్లో ఒకే గది ఉన్న పాత బడులు ఎన్నో ఊరివాళ్ల చరిత్ర సంఘాల చేతుల్లో, చందాలతో, మ్యూజియాలుగా నడుస్తున్నాయి. ఇవన్నీ డబ్బు పొంగి నడిచినవి కావు. నాలుగు ఇళ్ల పట్టుదలతో నడిచినవి. ఇక మీ బోర్డు సంగతి. బోర్డు చెబుతుంది, పుచ్చుకోలేదు. తాత చచ్చిపోయి పాత మిద్దె పడగొడుతున్నప్పుడు అటకమీద తాటాకుల కట్ట బయటపడుతుంది. పెట్టెలో పాత పట్టాలు, పెళ్లి ఫొటోలు, బర్మాకో సింగపూరుకో పోయినవాడి ఉత్తరాలు ఉంటాయి. ఆ ఇంటి కోడలు వాటిని పట్టుకుని ఎవరి దగ్గరికి పోవాలి? చెత్తలో పోస్తుంది, లేకపోతే పాత సామాన్లవాడికి ఇస్తుంది. వాటిని పుచ్చుకోవడానికి ఒక తలుపు కావాలి, రిజిస్టరులో పేరు రాసి రసీదు ఇచ్చే మనిషి కావాలి, తాటాకుకు నిమ్మగడ్డి నూనె రాసే చెయ్యి కావాలి. ఆ తలుపు కోసమే నేను బడి అడుగుతున్నాను.

ఆత్మకూరు ఆవిడ: ఇంతసేపు మీరు చెప్పినవాటిలో ఇదే నాకు జవాబు దొరకని మాట. బోర్డు పుచ్చుకోలేదన్నది నిజం. కానీ అక్కడే నా అసలు భయం మొదలవుతుంది. ఏ ఇంటి అటకమీద కాగితాలుంటాయి? భూమి ఉన్న ఇంట్లో, కరణీకం ఉన్న ఇంట్లో, ఉద్యోగం ఉన్న ఇంట్లో. కాగితం లేని ఇంటికి మీ మ్యూజియంలో చోటుండదు. జాగీర్దారు పేరు మనకు తెలుసు, కోటకు రాళ్లు మోసినవాడి పేరు తెలియదు. అదే కథ మళ్లీ రాస్తారు. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. వాచకంలో సారా మీద పోరాడిన సీతమ్మ కథ చదివి, కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు ఏకమై సారా దుకాణం మూయించారు. వాళ్లలో రోశమ్మ పేరు రాష్ట్రమంతా పాకింది. 1993 ఏప్రిల్ 15న జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. మన మెట్ట దేశానికి ఇచ్చిన పెద్ద చరిత్ర ఇదే. దానికి కోటబురుజు లేదు, తామ్రశాసనం లేదు. గజపతులతో మొదలై కలెక్టర్లతో ముగిసే మ్యూజియమైతే నాకొద్దు.

ఉదయగిరి ఆయన: నేనైతే దూబగుంటతోనే మొదలుపెడతాను. అందుకే నాకు వేరే కట్టడం వద్దు, బడే కావాలి. పగలంతా కూలికి పోయొచ్చిన ఆడవాళ్లు రాత్రి లాంతరు ముందు పలక పట్టుకుని సంతకం నేర్చుకున్న కథ చెప్పడానికి నల్లబల్ల ఉన్న గదికి మించిన చోటు లేదు. మీకు ఇంకో సంగతి చెప్పాలి. పదిహేనో శతాబ్దం చివర్లో ఉదయగిరి ఏలిన బసవభూపాలుడి కాలంలో దూబగుంట నారాయణకవి పంచతంత్రాన్ని తెలుగు పద్యాల్లో రాశాడు. ఆ కథలు పుట్టింది రాజకుమారులకు లోకం తీరు నేర్పడానికి. ఐదు వందల ఏళ్ల తర్వాత అదే సీమలో కూలి ఆడవాళ్లకు చదువు నేర్పడానికి వచ్చిన వాచకంలో సీతమ్మ కథ ఉంది. రెండూ పాఠాలే. ఒకటి ఏలేవాళ్ల కోసం రాసింది, ఇంకొకటి ఏలుబడికి ఎదురునిలిచినవాళ్ల చేతికి వచ్చింది. ఈ రెండు పుస్తకాల్ని ఒకే బల్లమీద పక్కపక్కన పెట్టి చూపించే మ్యూజియం ఎక్కడుందో చెప్పండి. కాగితం లేని ఇళ్ల కోసం కాగితం మనం తయారుచేయాలి. వాళ్ల గొంతులు రికార్డు చేయాలి, వాళ్ల మాటలోనే రాసుకోవాలి. ఉద్యమంలో తిరిగిన ఆడవాళ్లు పెద్దవాళ్లయిపోయారు. రోశమ్మ గారు 2016లోనే పోయారు. ఆలస్యం చేసిన కొద్దీ ఒక్కొక్క గొంతు తగ్గిపోతుంది.

ఆత్మకూరు ఆవిడ: రెండు పుస్తకాల మాట నాకు నచ్చింది. ఆ బల్ల చూడాలని నాకూ ఉంది. కానీ గొంతులు రికార్డు చేయడం అంత తేలిక కాదన్నా. సారా అమ్మినవాడు, తాగి కొట్టిన మొగుడు, వాళ్ల పిల్లలు, మనవళ్లు, అందరూ అదే ఊళ్లో ఉన్నారు. ఆమె చెప్పిన మాట గోడమీద రాస్తే ఆ ఇంట్లో మళ్లీ గొడవ. పైగా 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో ఎత్తేశారు. గెలిచి ముగిసిన కథగా దాన్ని ఫ్రేము కట్టి పెడితే, ఇవాళ మొగుడి తాగుడుతో పడుతున్న ఆడమనిషి లోపలికొచ్చి చూసి ఏమనుకోవాలి? ఇక బడి అడ్మిషన్ రిజిస్టరు. మీరు తప్పకుండా అది కావాలంటారు. మొదటి ఆడపిల్ల ఎప్పుడు చేరింది, ఏ వాడ పిల్లల్ని ఎప్పటిదాకా చేర్చుకోలేదు, ఎవరు మూడో తరగతిలో మానేశారు, అన్నీ అందులో ఉంటాయి. నిజమైన చరిత్రే. కానీ అందులో కులం ఉంటుంది, తండ్రి పేరు ఉంటుంది, పుట్టినతేదీ ఉంటుంది. ఇప్పటికీ సర్టిఫికెట్టు కావాలంటే ఆ రిజిస్టరే తెరుస్తారు. దాన్ని వచ్చిపోయేవాళ్ల ముందు తెరిచి పెడితే ఒక ఇంటి గాయాన్ని ఊరంతటికీ చూపించినట్టే. చచ్చిన రాజుల చరిత్రకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. బతికున్నవాళ్ల చరిత్రకు అడుగడుగునా కావాలి.

ఉదయగిరి ఆయన: ఆ పట్టింపులన్నీ రాసి పెట్టుకుందాం. అడ్మిషన్ రిజిస్టరు హెడ్మాస్టరు దగ్గరే ఉంటుంది. మనం తీసుకునేది పేర్లు లేని లెక్కలే, అదీ శాఖ అనుమతితో. గొంతు ఇచ్చిన మనిషి ఎప్పుడు వినిపించమంటే అప్పుడే వినిపిద్దాం. నేను పోయాక వినిపించమంటే పోయాకే. ఎవరైనా వస్తువు ఇస్తే అది దానమా, అప్పుగా ఇచ్చిందా అని కాగితం రాసుకుందాం. అడిగిన రోజు తిరిగిచ్చేద్దాం. మద్యం కథను ముగిసిన కథగా కాక, నడుస్తున్న తగాదాగానే చెబుదాం. ఇవి కష్టమే, అసాధ్యం కాదు.

ఆత్మకూరు ఆవిడ: షరతులు రాయడం మీకూ నాకూ చేతనవును. ఇరవై ఏళ్ల తర్వాత వాటిని పాటించేది ఎవరు? తాళంచెవి ఎవరి చేతిలో ఉంటుంది? ప్రభుత్వ శాఖ చేతికిస్తే దూరాన ఉన్న ఆఫీసు నుంచి ఎప్పుడో ఒకసారి వచ్చి చూస్తారు. ఊరి కమిటీకిస్తే, ఎక్కువ చందా ఇచ్చినవాడి కులం, పార్టీ గోడలమీదికి ఎక్కుతాయి. హెడ్మాస్టరుకిస్తే ఆయనకు బదిలీ అవుతుంది. అందుకే నేను చెప్పేది వేరే. ఖాళీ బడి వద్దు, నడుస్తున్న హైస్కూల్లో ఒక గది చాలు. పిల్లలే శాసనాలు చదవాలి, అవ్వల్ని అడిగి రాసుకోవాలి, బడి నడిచినంతకాలం ఆ గది నడుస్తుంది. చరిత్రను పిల్లలు లేని చోటికి తీసుకుపోవడం కన్నా పిల్లలున్న చోటికి తేవడం మేలు.

ఉదయగిరి ఆయన: పిల్లల మాట బాగుంది. కానీ హైస్కూల్లో గదులు చాలనప్పుడు మొదట ఖాళీ చేయించేది ఆ గదినే. పరీక్షల సామాను అందులోకే చేరుతుంది. ఇంకొకటి, నడుస్తున్న బడిలోకి ఊరి ఆడవాళ్లు, గొడ్లు కాసేవాళ్లు, వీధి చివరి ముసలాయన తమ ఇష్టం వచ్చినప్పుడు రాలేరు. గేటు దగ్గర ఎందుకొచ్చావని అడుగుతారు. చిన్నప్పుడు చదువుకోలేనివాళ్లు పెద్దయ్యాక ధైర్యంగా అడుగుపెట్టే బడి ఒకటి ఊళ్లో ఉండాలి. సాయంత్రం కూలి దిగి వచ్చాక కూడా తెరిచి ఉండాలి. మీ మొదటి భయానికి నా జవాబు ఇది: మన షరతుల పుస్తకంలో మొదటి పేజీలోనే రాద్దాం, పిల్లలు తిరిగొస్తే మ్యూజియం ఖాళీ చేస్తుందని. గోడకు మేకు కొట్టం, నేలకు బీరువా బిగించం.

ఆత్మకూరు ఆవిడ: రాస్తారు. రాసింది నమ్మే రాస్తారు కూడా. కానీ పదేళ్లు ప్రేమతో సర్దుకున్న గదిని పది మంది పిల్లల కోసం ఖాళీ చేయమని వచ్చిననాడు, పది మందే కదా అంటారు. అలా అనేది మీరు కాకపోతే మీ తర్వాతివాళ్లు. అందుకే నేనొక వరస చెబుతాను. ముందు ఒక్క వస్తువు కూడా పుచ్చుకోవద్దు. 1905 నాటి ఆ సంపుటాలు పట్టుకుని ఊరూరా తిరిగి, ఏ శాసనం నిలిచి ఉంది, ఏది పగిలింది, ఏది కనబడలేదు అని జాబితా రాయాలి. దూబగుంట నుంచి మొదలుపెట్టి ఉద్యమంలో ఉన్నవాళ్ల మాట వాళ్లు ఒప్పుకున్నంత మేర రాసుకోవాలి. ఎండలో తిరిగి ఈ పని చేయడానికి రెండూళ్ల నుంచి ఎంతమంది వస్తారో చూడాలి. పనిచేసే చేతులున్నాయని తేలాకే తాళంచెవి అడగాలి. చేతులు లేకుండా వచ్చిన కట్టడం మనకు బరువే.

ఉదయగిరి ఆయన: జాబితాకు రేపే బయల్దేరతాను, అందులో నాకు వేరే మాట లేదు. కానీ ఆ జాబితా రాస్తూ ఒక ఇంటికి పోతాం. ఆ ఇంట్లో మిద్దె పడగొడుతుంటారు. అవ్వ తాటాకుల కట్ట తెచ్చి మన చేతిలో పెట్టి, మీరే దాచండయ్యా అంటుంది. అప్పుడేం చెప్పాలి? మేమింకా మమ్మల్ని మేం పరీక్షించుకుంటున్నాం, మా దగ్గర చోటు లేదు, మళ్లీ ఎప్పుడైనా వస్తామని చెప్పాలా? మనం మళ్లీ వచ్చేదాకా ఆ కట్ట ఆగుతుందా, ఆ అవ్వ ఆగుతుందా?

ఆత్మకూరు ఆవిడ: ఆగకపోవచ్చు. ఆ నష్టం నాకు తెలిసే ఈ మాట అంటున్నాను. కానీ ఆ అవ్వ మనల్ని నమ్మి ఇచ్చిన కట్టను, మనం తెచ్చిపెట్టిన గదిలోనే, మన తాళం కిందే చెదలు తింటే ఆమెకు ఏం జవాబు చెబుతాం? ఆమె అటకమీద పోయిన కట్టకు కాలం కారణం. మన దగ్గర పోయిన కట్టకు మనం కారణం. ఈ రెండింటిలో ఏ నష్టానికి సిద్ధపడాలో రెండూళ్లవాళ్లూ కూర్చుని తేల్చుకోకముందే తాళం తెరిపిస్తానంటే మాత్రం, అన్నా, నేను మీకు అడ్డంగానే నిలబడతాను.